హౌరాలో 1948 డిసెంబరు: హింద్ మజ్దూర్ సభ ఎలా పుట్టింది

(యువ కార్మిక సంఘ కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా,

గేటు దగ్గర జెండా చూసి ఆ సంఘం వెనక ఏ పార్టీ ఉందో చెప్పడం మీకు కష్టమేమీ కాదు. ఏఐటీయూసీ అనగానే సీపీఐ, ఐఎన్‌టీయూసీ అనగానే కాంగ్రెస్, సీఐటీయూ అనగానే సీపీఎం అని తడుముకోకుండా చెప్పేస్తారు. హింద్ మజ్దూర్ సభ దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆగిపోతారు. "అది సోషలిస్టులది కదండీ" అంటారు ఒకరు. "ఆ పార్టీ ఇప్పుడెక్కడుంది?" అంటారు పక్కవారు. ఇద్దరి మాటా నిజమే. పార్టీ నాయకులు పెట్టిన సంఘం అది. ఆ పార్టీ చీలింది, కలిసింది, మళ్లీ చీలింది, చివరికి కనుమరుగైంది. సంఘం మాత్రం మిగిలింది. 2002ను ఆధార సంవత్సరంగా తీసుకుని కేంద్ర ప్రభుత్వం సరిచూసిన లెక్కల్లో దానికి 33 లక్షల పైచిలుకు సభ్యులు తేలారు.

ఇదెలా సాధ్యమైంది అన్నదే ఈ పూట నేను మాట్లాడబోయే విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. హౌరాలో 1948 డిసెంబరులో అక్కడ చేరినవాళ్లు ఒక మాట రాసుకున్నారు: ఈ సంఘం ప్రభుత్వానికీ, యజమానికీ, రాజకీయ పార్టీకీ లోబడి ఉండదు అని. రాసినవాళ్లలో చాలామంది పార్టీ మనుషులే. అందుకే ఆ రోజుల్లో ఎగతాళి చేసినవాళ్లు ఉన్నారు, ఇప్పటికీ ఉన్నారు. ఆ మాట పూర్తిగా నిలబడలేదు. అయినా అది ఉత్తుత్తి మాట కూడా కాదు.

కొంచెం వెనక్కి వెళ్లాలి. త్వరగానే వెళ్లి వద్దాం.

1920 అక్టోబరు 31న బొంబాయిలో లాలా లజపతిరాయ్ అధ్యక్షతన ఏఐటీయూసీ మొదలైంది. తొమ్మిదేళ్లకే, 1929లో, నాగపూర్ మహాసభలో చీలింది. అధ్యక్ష పీఠం మీద జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నారు. కార్మికుల స్థితిగతులపై బ్రిటిష్ ప్రభుత్వం వేసిన విట్లీ కమిషన్‌ను బహిష్కరించాలా, అంతర్జాతీయంగా ఎవరితో అనుబంధం పెట్టుకోవాలి వంటి ప్రశ్నల మీద తగాదా వచ్చి ఎన్.ఎం. జోషి వర్గం బయటకు నడిచింది. వాళ్లలో మన వి.వి. గిరి కూడా ఉన్నారు. 1931లో కలకత్తాలో మరో చీలిక వచ్చింది. ఈసారి కమ్యూనిస్టుల్లో ఒక వర్గం రెడ్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ పెట్టుకుంది. 1935లో వీళ్లు తిరిగి వచ్చారు. 1940 నాటికి జోషి, గిరి వర్గం కూడా పూర్తిగా కలిసింది. అందరూ ఒకే కప్పు కిందకు చేరి ఏడాది తిరిగిందో లేదో, యుద్ధం వాళ్లను మళ్లీ విడదీసింది.

ఈ యుద్ధకాలం గురించి నిదానంగా చెప్పుకోవాలి. హౌరా హాల్లో పక్కపక్కన కూర్చున్నవాళ్లు ఆరేళ్ల ముందు ఎక్కడున్నారో తెలియకపోతే ఆ సభ అర్థం కాదు.

రాడికల్ డెమోక్రటిక్ పార్టీ నాయకుడు ఎం.ఎన్. రాయ్ వాదన మీకు తెలిసే ఉంటుంది. ఫాసిజం గెలిస్తే భారత స్వాతంత్ర్యం అన్న ప్రశ్నే మిగలదు, కాబట్టి బ్రిటిష్ యుద్ధ ప్రయత్నానికి మద్దతివ్వాలి అన్నారాయన. ఏఐటీయూసీ తటస్థంగా ఉంటానంది. దాంతో 1941లో రాయ్, జమ్నాదాస్ మెహతా కలిసి ఇండియన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్ అనే వేరే సమాఖ్య పెట్టారు. దానికి వలస ప్రభుత్వం నెలకు 13,000 రూపాయల గ్రాంటు ఇచ్చింది. కార్మికుల్లో యుద్ధ ప్రచారం కోసం ఇచ్చిన సొమ్ము అది. ఆ రోజుల్లో మిల్లు కార్మికుడి నెల జీతం రెండంకెలు దాటేది కాదు. ఆ లెక్కన చూడండి, ఎంత పెద్ద మొత్తమో!

అదే సమయంలో సోషలిస్టులు ఎక్కడున్నారు? జైళ్లలో, అజ్ఞాతంలో. 1942 ఆగస్టు తర్వాత కాంగ్రెస్ సోషలిస్టు పార్టీ వాళ్లే క్విట్ ఇండియాకు వెన్నెముక అయ్యారు. జయప్రకాశ్ నారాయణ్ ఆ ఏడాది దీపావళి రాత్రి హజారీబాగ్ జైలు గోడ దూకారు. లోహియా రహస్య రేడియోలో మాట్లాడేవారు. బిహార్‌లో బసావన్ సింగ్ లాంటివాళ్లు పోలీసుల కళ్లుగప్పి తిరిగారు. యూనియన్ ఆఫీసుల్లో కూర్చునే మనుషులు లేరు. కమ్యూనిస్టులు మాత్రం యుద్ధానికి మద్దతిచ్చే 'ప్రజాయుద్ధం' అన్న విధానం వల్ల చట్టబద్ధంగా పనిచేయగలిగారు. 1945లో సోషలిస్టులు జైళ్ల నుంచి వచ్చి చూసేసరికి ఏఐటీయూసీలో వాళ్ల చోటు వాళ్లకు లేదు. మిల్లు కమిటీలు, చందా పుస్తకాలు, కార్యవర్గాలు అన్నీ కమ్యూనిస్టుల చేతిలో ఉన్నాయి. ఇందులో కుట్ర ఏమీ లేదు. గేటు దగ్గర రోజూ కనిపించేవాడే కార్మికుడికి నాయకుడు. నాలుగేళ్లు కనిపించనివాడు ఎంత త్యాగం చేసినా, కొత్తగా చేరిన కుర్రవాడు అతణ్ని గుర్తుపట్టడు.

మరి రాయ్ మనుషులను సోషలిస్టులు ఏమనేవారు? ఇక్కడ నేను ఆ మాటలు పలకను. (నవ్వులు) మీరే ఊహించుకోండి. ఒకడు జైలులో ఉన్నాడు, ఇంకొకడు జైల్లో పెట్టినవాడి దగ్గర గ్రాంటు తీసుకున్నాడు.

ఇక స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది. యుద్ధం తర్వాత ధరలు మండిపోతున్నాయి, కరువు భత్యం సరిపోవడం లేదు, యుద్ధపు ఆర్డర్లు ఆగిపోయి పనుల్లోంచి తీసేస్తున్నారు. 1947 ఒక్క ఏడాదిలో 1,811 పారిశ్రామిక వివాదాలు నమోదయ్యాయి. కోటీ 65 లక్షలకు పైగా పనిదినాలు పోయాయి. అధికారంలోకి వచ్చిన కాంగ్రెస్‌కు ఇది మింగుడు పడలేదు. తమ చేతిలో ఒక కార్మిక సంఘం ఉండాలనుకుంది. 1947 మే 3న ఢిల్లీలో ఐఎన్‌టీయూసీ పుట్టింది. సర్దార్ పటేల్ అండ, గుల్జారీలాల్ నందా, ఖండూభాయ్ దేశాయ్‌ల పని, గాంధీగారి అహ్మదాబాద్ మజూర్ మహాజన్ (బట్టల మిల్లు కార్మికుల సంఘం) సంప్రదాయం, అన్నీ దాని వెనక ఉన్నాయి. సమ్మెకు ముందు మధ్యవర్తిత్వ మార్గాలన్నీ అయిపోవాలి అన్నది దాని నియమం.

సోషలిస్టులు అప్పటికింకా కాంగ్రెస్‌లోనే ఉన్నారు. రమ్మని పిలిచినా ఐఎన్‌టీయూసీలో చేరలేదు. ప్రభుత్వ పార్టీయే సంఘాన్ని కూడా నడిపితే, ప్రభుత్వం యజమాని అయిన రైల్వేలోనో, తపాలాలోనో రేపు కార్మికుడు ఎవరి మీద సమ్మె చేస్తాడు? ఆ ప్రశ్నలో బలముంది. ఈ తరగతిలో ప్రభుత్వ రంగ సంస్థల నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. దానికి జవాబు మీకే బాగా తెలుసు.

ఏఐటీయూసీలో ఉండలేరా అంటే, 1948 ఫిబ్రవరి, మార్చి నాటికి అక్కడ పరిస్థితి మారిపోయింది. కలకత్తాలో జరిగిన రెండో మహాసభలో కమ్యూనిస్టు పార్టీ బి.టి. రణదివే నాయకత్వంలో తిరుగుబాటు పంథా తీసుకుంది. తెలంగాణలో సాయుధ పోరాటం అప్పటికే నడుస్తోంది. ప్రభుత్వం ఏఐటీయూసీ నాయకులను వరసబెట్టి అరెస్టు చేస్తోంది. ప్రతి సమ్మెనూ విప్లవానికి మెట్టుగా చూసేవాళ్లు ఒకవైపు, ప్రతి సమ్మెనూ దేశద్రోహంగా చూసేవాళ్లు ఒకవైపు. ఆ మార్చిలోనే నాసిక్ సమావేశంలో సోషలిస్టులు కాంగ్రెస్ నుంచి పూర్తిగా బయటకు వచ్చేశారు. అదే ఏడాది హింద్ మజ్దూర్ పంచాయత్ అని తమ సొంత కార్మిక వేదిక పెట్టుకున్నారు. కానీ అది చాలదని వాళ్లకూ తెలుసు. కొన్ని రాష్ట్రాల్లో ఉంది, కొన్ని పరిశ్రమల్లో ఉంది, దేశమంతా లేదు.

అప్పుడు గుర్తొచ్చింది, ఎవరిని బ్రిటిష్ మనుషులని తిట్టారో వాళ్లకు ఓడరేవుల్లో, రైల్వేలో, నావికుల్లో సంఘాలున్నాయని. రాయ్ పెట్టిన లేబర్ ఫెడరేషన్‌కు కూడా అవసరం వచ్చి పడింది. యుద్ధం అయిపోయింది, గ్రాంటు లేదు. కార్మికులకు అసలు ప్రతినిధి ఎవరన్న ప్రభుత్వ విచారణలో 1946లో ఏఐటీయూసీదే పైచేయి అని తేలింది. ఎన్నికల్లో రాయ్ పార్టీ తుడిచిపెట్టుకుపోయింది. అంటే ఇద్దరికీ ఒకరి అవసరం మరొకరికి ఉంది. ఆదర్శం మాత్రమే వాళ్లను కలిపిందని చెబితే మీరు నమ్మకండి. అలాగని అవసరం మాత్రమే కలిపిందన్నా నమ్మకండి. ఇద్దరూ వేరువేరు దారుల్లో ఒకే చోటికి చేరుకున్నారు: కార్మిక సంఘం పార్టీకి తోక కాకూడదు అన్న చోటికి. రాయ్ ఎంత దూరం వెళ్లారంటే, హౌరా సభ జరిగిన ఆ డిసెంబరులోనే నదికి అవతల కలకత్తాలో తన రాడికల్ డెమోక్రటిక్ పార్టీనే రద్దు చేసేశారు. పార్టీ రాజకీయాలే వద్దన్నారు. మన తెనాలి, గుంటూరు ప్రాంతాల్లో ఆయన అనుచరులు గట్టిగా ఉండేవారు. వాళ్లు హ్యూమనిస్టులుగా మారింది ఆ మలుపు తర్వాతే.

హౌరా అనగానే మనకు గుర్తొచ్చేది స్టేషను, వంతెన. మద్రాసు మెయిలు ఆగే చివరి చోటు. అక్కడ దిగిన తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. గంజాం, విశాఖ జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు హుగ్లీ ఒడ్డున జూట్ మిల్లుల్లో మగ్గాల మీద, స్పిన్నింగులో పనిచేశారు. అదే రైలు మార్గంలో ఉన్న ఖరగ్‌పూర్‌లో రైల్వే వర్క్‌షాపు చుట్టూ తెలుగు వాడలే లేచాయి. 1927లో గిరి ఖరగ్‌పూర్ సమ్మెలో దిగింది ఆ కార్మికుల మధ్యనే. కాబట్టి ఎక్కడో బెంగాల్‌లో జరిగిన సభ, మనకేమిటి అనుకోకండి. ఆ మిల్లుల హాజరుపట్టీల్లో మన ఇంటిపేర్లు ఉండేవి.

ఇక ఆ సభలోని మనుషుల్లో కొందరి గురించి చెబుతాను.

తొలి అధ్యక్షుడు ఆర్.ఎస్. రుయికర్. నాగపూర్ బట్టల మిల్లు కార్మికుల నాయకుడు, ఒకప్పుడు ఏఐటీయూసీకి కూడా అధ్యక్షుడు. ఆయన సోషలిస్టు పార్టీ మనిషి కాదు, సుభాష్ చంద్రబోస్ పెట్టిన ఫార్వర్డ్ బ్లాక్‌లో ఒక వర్గానికి నాయకుడు. చూశారా, సోషలిస్టులు తమ సంఘానికి అధ్యక్షుణ్ని బయటి నుంచి తెచ్చుకున్నారు. ప్రధాన కార్యదర్శి పదవి మాత్రం అశోక్ మెహతాకు ఇచ్చారు. సంఘాలు నడిపినవాళ్లకు తెలుసు, కుర్చీ ఎక్కడుందో, పెత్తనం ఎక్కడుందో. (నవ్వులు) మెహతా మంచి చదువరి, పార్టీ సిద్ధాంతకర్తల్లో ఒకరు. అప్పటికి ఆయన వయసు నలభై కూడా నిండలేదు.

శిబ్‌నాథ్ బెనర్జీ హౌరా, కలకత్తా ప్రాంతంలో జూట్ కార్మికుల మధ్య పెరిగిన నాయకుడు. కార్మిక నాయకుల మీద బ్రిటిష్ ప్రభుత్వం పెట్టిన 1929 మీరట్ కుట్ర కేసులో ముద్దాయి. కమ్యూనిస్టులతో కలిసి బోనులో నిలబడి, నిర్దోషిగా బయటపడ్డవాడు. బసావన్ సింగ్ భగత్ సింగ్, ఆజాద్‌ల విప్లవ దళం నుంచి వచ్చారు. జైలులో సుదీర్ఘ నిరాహారదీక్షలు చేశారు, ఆ తర్వాత డాల్మియానగర్, జంషెడ్‌పూర్ వైపు కార్మికులను కూడగట్టారు. ఇక మణిబెన్ కారా. నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చే మనిషి ఆమె. ఇంగ్లండులో సమాజసేవ చదువుకుని వచ్చి, బొంబాయి మురికివాడల్లో బళ్లు, ఆసుపత్రులు పెట్టే పనితో మొదలుపెట్టారు. పెట్టుబడిదారు జీతం తగ్గించినంత కాలం తన సేవ చిల్లు పడ్డ కుండలో నీళ్లు పోయడమే అని అర్థమై యూనియన్లలోకి వచ్చారు. ఆమె రాయ్ వర్గం. తర్వాతి కాలంలో పశ్చిమ రైల్వే ఉద్యోగుల సంఘానికి నాయకత్వం వహించారు. రైల్వే లాంటి మగవాళ్ల పరిశ్రమలో, ఆ రోజుల్లో!

మీరట్ ముద్దాయి, భగత్ సింగ్ సహచరుడు, గ్రాంటు తీసుకున్న సమాఖ్య నాయకురాలు, క్విట్ ఇండియా ఖైదీ. వీళ్లందరూ ఒకే తీర్మానానికి చేతులెత్తారు. ప్రజాస్వామ్య సోషలిస్టు సమాజం లక్ష్యం. శాంతియుత, ప్రజాస్వామిక, న్యాయబద్ధ పద్ధతులు మార్గం. సమ్మె హక్కు మీద రాజీ లేదు. ఎవరికీ లోబడని సంఘం. 1949 మార్చి నాటికి 380 అనుబంధ సంఘాలు, 6,18,802 మంది సభ్యులు ఉన్నట్టు ప్రకటించుకున్నారు. ఇవి వాళ్లు చెప్పుకున్న లెక్కలు. మన దేశంలో ఏ సంఘం చెప్పే సభ్యత్వమైనా సగం ఆశ, సగం చందా రసీదు. అది గుర్తుపెట్టుకునే వినండి.

అందరూ ఉండలేదు. వామపక్షాలన్నిటినీ కలిపే వేదిక కావాలనుకున్న ఆర్ఎస్‌పీ (రివల్యూషనరీ సోషలిస్టు పార్టీ) తదితరులకు హౌరాలో సోషలిస్టు పార్టీ నీడ మరీ ఎక్కువగా కనిపించింది. వాళ్లు విడిపోయి 1949 మే 1న కలకత్తాలో యునైటెడ్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ పెట్టుకున్నారు. రాజ్యాంగ సభ సభ్యుడు కె.టి. షా అధ్యక్షుడు, మృణాల్ కాంతి బోస్ ప్రధాన కార్యదర్శి. అంటే స్వాతంత్ర్యం వచ్చిన రెండేళ్లలో దేశానికి నాలుగు కేంద్ర కార్మిక సంఘాలు. ఐక్యత కోసం పుట్టిన ప్రతి సంఘమూ జాబితాలో ఇంకొక అంకె పెంచింది. దీన్ని దాచుకోనవసరం లేదు.

తొలి పరీక్ష బొంబాయిలో వచ్చింది. ఈ ఒక్కటీ వివరంగా చెబుతాను.

1946లో బొంబాయి రాష్ట్రం ఒక పారిశ్రామిక సంబంధాల చట్టం చేసింది. అప్పటి కార్మిక మంత్రి గుల్జారీలాల్ నందాయే. ఆ చట్టం ప్రకారం ఒక ప్రాంతంలో ఒక పరిశ్రమకు ఒకే 'ప్రాతినిధ్య సంఘం'. యజమానులతో బేరం చేసే హక్కు దానిదే. బట్టల మిల్లుల్లో ఆ హోదా ఐఎన్‌టీయూసీ అనుబంధ రాష్ట్రీయ మిల్ మజ్దూర్ సంఘ్‌కు దక్కింది. కార్మికుల ఓటు లేదు, రిజిస్ట్రారు సభ్యత్వ పుస్తకాలు చూసి తేలుస్తాడు. హింద్ మజ్దూర్ సభ (హెచ్ఎంఎస్) అనుబంధ మిల్ మజ్దూర్ సభకు చాలా బలం ఉంది. కానీ చట్టం దృష్టిలో అది లేనట్టే.

బోనస్ దగ్గర రాజుకుంది. 1950 ఆగస్టు 14న, అంటే స్వాతంత్ర్య దినానికి ఒక్కరోజు ముందు, రెండు లక్షల మందికి పైగా కార్మికులు మిల్లులు ఆపేశారు. 63 రోజులు సాగింది. గుర్తింపు ఒక సంఘానిది, కార్మికులు మరో సంఘం వెంట. ప్రభుత్వం, యజమానులు ఒకటే మాట: మీతో మాట్లాడటానికి చట్టం ఒప్పుకోదు. అరెస్టులు జరిగాయి, కాల్పులు జరిగాయి. అక్టోబరు మధ్యకు వచ్చేసరికి కార్మికులు ఏమీ దక్కకుండానే పనిలోకి వెళ్లారు.

ఓడిపోయిన సమ్మె గురించి ఇంతసేపు చెప్పడం ఎందుకంటే, హెచ్ఎంఎస్ తన జీవితాంతం పట్టుకున్న డిమాండ్ అక్కడే గట్టిపడింది. గుర్తింపు సంఘాన్ని కార్మికులే రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకోవాలి. ఏఐటీయూసీ కూడా అదే అడిగింది. ఐఎన్‌టీయూసీ దశాబ్దాల పాటు ఒప్పుకోలేదు. 1982 జనవరిలో కార్మిక నాయకుడు దత్తా సామంత్ వెంట అదే బొంబాయి మిల్లుల కార్మికులు సమ్మెలోకి దిగినప్పుడు అడ్డు నిలిచిందీ అదే 1946 చట్టం, అదే గుర్తింపు సంఘం. ముప్పై రెండేళ్లలో ఒక్క అక్షరం కదిలినట్టు లేదు.

ప్రభుత్వానికి దూరంగా ఉంటామన్న మాట బొంబాయిలో నిలబడింది. దానికి ధర కార్మికులు చెల్లించారు. పార్టీకి దూరం మాటేమిటి? అక్కడ కథ అంత నున్నగా లేదు. 1949లో రైల్వేమెన్స్ ఫెడరేషన్ సమ్మె నోటీసును వెనక్కి తీసుకున్నప్పుడు దాని అధ్యక్షుడు జయప్రకాశ్. దేశం కష్టాల్లో ఉంది, కమ్యూనిస్టులు దీన్ని వాడుకుంటారు అన్న రాజకీయ లెక్క ఆ నిర్ణయంలో ఉంది. నన్నడిగితే ఆ లెక్కలో రైల్వే కార్మికుడి జీతం రెండో స్థానంలో ఉంది. 1960 దశకంలో సోషలిస్టులు చీలినప్పుడు సంఘమూ చీలింది. జార్జి ఫెర్నాండెజ్ వర్గం హింద్ మజ్దూర్ పంచాయత్ అన్న పాత పేరునే మళ్లీ పైకి తీసింది.

కానీ ఇంకొక సంగతి చూడండి. తొలి ప్రధాన కార్యదర్శి అశోక్ మెహతా 1963లో ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షుడయ్యారు, మరుసటి ఏడాది కాంగ్రెస్‌లోనే చేరారు. వ్యవస్థాపకుడు అధికార పార్టీకి వెళ్లాడు. సంఘం ఆయన వెంట వెళ్లలేదు. పార్టీ తోకే అయితే వెళ్లి ఉండేది, లేదా మూతపడి ఉండేది. 1977లో సోషలిస్టు పార్టీ జనతాలో కలిసిపోయినప్పుడూ అది జనతా పార్టీ కార్మిక విభాగంగా మారలేదు. హౌరాలో రాసుకున్న ఆ వాక్యం పనికొచ్చింది అప్పుడు. మామూలు రోజుల్లో నాయకులు దాన్ని పక్కన పెట్టారు. నాయకులే వెళ్లిపోయిన రోజున, మిగిలినవాళ్లకు పట్టుకోవడానికి అదొక్కటే దొరికింది.

(సభలో ఒక ప్రశ్న: రాయ్ వర్గం బ్రిటిష్ ప్రభుత్వ డబ్బు తీసుకుంది కదా, అలాంటివాళ్లతో కలవడం తప్పు కాదా?)

మంచి ప్రశ్న. డబ్బు తీసుకోవడం తప్పే, నాకు సందేహం లేదు. ఫాసిజం మీద రాయ్ అంచనా సరైనదే కావచ్చు. కానీ సంఘం ఖర్చు సర్కారు భరిస్తే, ఆ సంఘం చెప్పే నిజం కూడా అమ్ముడుపోయిన మాటలాగే వినిపిస్తుంది. అయితే ఆ సమాఖ్యలోని రేవు కూలీ ఆ గ్రాంటు తినలేదు. అతను నెలనెలా చందా కట్టాడు. కలవడమంటే అతనితో కలవడం. 1942ను పట్టుకుని అతణ్ని దూరంగా పెట్టి ఉంటే, విశాఖ రేవులో, బొంబాయి రేవులో తర్వాత కట్టిన పోర్టు, డాక్ కార్మికుల సమాఖ్యకు పునాది దొరికేది కాదు.

(మరో ప్రశ్న: రహస్య బ్యాలెట్ ఇప్పుడు వచ్చింది కదా?)

కొన్నిచోట్ల వచ్చింది. మన సింగరేణిలో 1998 నుంచి గుర్తింపు సంఘం ఎన్నికలు రహస్య బ్యాలెట్‌తోనే జరుగుతున్నాయి. తొలిసారి ఏఐటీయూసీ గెలిచింది, ఆ తర్వాత చేతులు మారాయి, 2023 డిసెంబరులో మళ్లీ ఏఐటీయూసీ గెలిచింది. హెచ్ఎంఎస్ కూడా ఆ పోటీల్లో దిగింది. ఓడినవాళ్లు గని దగ్గర కనిపిస్తూనే ఉన్నారు, ఐదేళ్లకో, నాలుగేళ్లకో మళ్లీ ఓటు అడుగుతున్నారు. బొంబాయి మిల్లు కార్మికుడికి ఆ అవకాశం ఒక్కసారి కూడా ఇవ్వలేదు. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ 51 శాతం సభ్యత్వమున్న సంఘానికే ఏకైక బేరసారాల హక్కు అంటోంది. ఆ 51ని ఎలా లెక్కిస్తారు, కాంట్రాక్టు కార్మికుడు ఆ లెక్కలోకి వస్తాడా అన్నవి మీరు మీ మీ సంస్థల్లో గట్టిగా అడగాల్సిన ప్రశ్నలు. మధ్యాహ్నం న్యాయవాది మిత్రుడు ఆ కోడ్ మీదే తరగతి తీసుకుంటున్నారు, ఈ ప్రశ్న ఆయన్ను కూడా అడగండి. రైల్వే సమ్మె, 1974, ఫెర్నాండెజ్, అదంతా రేపు ఉదయం మాట్లాడుకుందాం.